పికప్ ట్రక్కులో కూలెంట్ లీకు: పట్టుకునే తీరు

పికప్ ట్రక్కు రేడియేటర్‌లో పోసిన కూలెంట్ మాటిమాటికీ తగ్గిపోతుంటే అది ఏ దారిన పోతోందో తేల్చడాన్ని కూలెంట్ లీకు నిర్ధారణ అంటారు. చూడటానికి ఇది చిన్న పనే. కింద తడి కనిపిస్తుంది కాబట్టి దాని పైన ఉన్న భాగాన్ని మార్చేస్తే సరిపోతుందనిపిస్తుంది. అలా మార్చిన వాటర్ పంపులు, రేడియేటర్లు ఎన్నో మంచివే అయి ఉంటాయి. పికప్‌లో చుక్క పడ్డ చోటుకీ లీకు పుట్టిన చోటుకీ మధ్య చాలా దూరం ఉండొచ్చు. ఇంజిన్ ముందు భాగంలో బయటపడ్డ కూలెంట్ బ్లాకు అంచుల వెంట జారి, క్రాస్ మెంబరు మీదుగా ఛాసిస్ పట్టీకి చేరి, బండి నడుస్తుంటే ఫ్యాన్ గాలికి వెనక్కి కొట్టుకుపోయి గేర్‌బాక్సు కింద చుక్కగా రాలుతుంది. అందువల్ల ఈ పనిలో ‘ఎక్కడ కారుతోంది’ అన్న ప్రశ్న కంటే ‘ఎప్పుడు కారుతోంది’ అన్న ప్రశ్న ముందు రావాలి. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, బరువుతో ఎగువ ఎక్కుతున్నప్పుడా, ఇంజిన్ ఆపిన పది నిమిషాలకా? జవాబును బట్టి వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గిపోతుంది.

ఒత్తిడి, మూత

1925లో ఫోర్డ్ కంపెనీ తన మోడల్ టి కారుకు ఫ్యాక్టరీలోనే పికప్ బాడీ బిగించి అమ్మడం మొదలుపెట్టింది. ఆ బండికి వాటర్ పంపు లేదు. వేడి నీళ్లు పైకి, చల్లని నీళ్లు కిందికి తమంతట తామే తిరిగేవి. మూత కింద ఒత్తిడి కూడా ఉండేది కాదు కాబట్టి లీకు అంటే కారడమే, పట్టుకోవడానికి కన్ను చాలు. చలి దేశాల్లో నీళ్లు గడ్డకట్టకుండా ఆల్కహాల్ కలిపేవాళ్లు, అది మరిగి ఆవిరైపోతుండేది. 1927లో ప్రెస్టోన్ పేరుతో ఇథిలీన్ గ్లైకాల్ బజారుకొచ్చాక ఆ బాధ తీరింది. నేటి చాలా కూలెంట్లకు ఈ గ్లైకాలే ఆధారం. దానికి తుప్పును అడ్డుకునే రసాయనాలు, రంగు కలుపుతారు.

ఇంధనం మండగా పుట్టిన వేడిలో దాదాపు మూడో వంతును కూలెంట్ మోసుకెళ్లి రేడియేటర్ దగ్గర గాలికి అప్పగిస్తుంది. నీళ్లు, గ్లైకాల్ సగం సగం కలిపిన ద్రవం సుమారు మైనస్ 37 డిగ్రీల సెల్సియస్ దాకా గడ్డకట్టదు. మూత లేకుండా అయితే 107 డిగ్రీల దరిదాపుల్లో మరుగుతుంది. 15 పీఎస్‌ఐ ఒత్తిడి పట్టే మూత బిగిస్తే మరిగే స్థానం దాదాపు 129 డిగ్రీలకు పెరుగుతుంది. జపాన్ తరహా మూతల మీద కనిపించే 0.9, 1.1 అంకెలు వేరే కొలమానంలో చెప్పేదీ ఈ ఒత్తిడినే.

మూతలో రెండు వాల్వులుంటాయి. ఒత్తిడి హద్దు దాటితే ఒకటి తెరుచుకుని కూలెంట్‌ను పక్కనున్న డబ్బాలోకి వదులుతుంది. ఇంజిన్ చల్లారి లోపల శూన్యం ఏర్పడితే రెండోది తెరుచుకుని డబ్బాలోంచి తిరిగి లాక్కుంటుంది. ఈ రెండో వాల్వు పాడైనా, ఎక్కడైనా ఒక బిగింపు గాలి పీలుస్తున్నా, డబ్బా నిండుగా ఉండి రేడియేటర్ మాత్రం ఖాళీ అవుతుంది. డబ్బా చూసి అంతా బాగుందనుకున్న డ్రైవరు దారిలో ఆగిపోయేది ఇలాగే. కొత్త పికప్‌లు చాలావాటిలో డబ్బాయే ఒత్తిడి కింద ఉంటుంది, మూత దాని మీదే ఉంటుంది. వాటిలో మట్టం నేరుగా తెలుస్తుంది.

లీకు కాని లీకులు

వెతకడానికి ముందు కూలెంట్ నిజంగానే తగ్గుతోందో లేదో తేల్చుకోవాలి. ఏసీ వేసి నడిపిన బండి కింద మడుగు కడితే అది చాలాసార్లు గాలిలోని తేమ చల్లబడి కారిన నీరే. దానికి రంగుండదు, వాసనుండదు, వేళ్ల మధ్య జారదు. కూలెంట్ కొంచెం జిగురుగా, తియ్యని వాసనతో ఉంటుంది, నీళ్లతో కడిగితే పోతుంది. ఎర్రటి చుక్క కూలెంట్ కావచ్చు, ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిలూ కావచ్చు. గిన్నెడు నీళ్లలో ఒక చుక్క వేస్తే ఆయిల్ తేలుతుంది, కూలెంట్ కలిసిపోతుంది. రంగును బట్టి కూలెంట్ రకం చెప్పడం మాత్రం కుదరదు. ఏ రంగు ఏ రకానిదన్న కట్టుబాటు తయారీదారుల్లో లేదు.

ఇటీవల రేడియేటర్ విప్పి బిగించిన బండిలో మొదటి కొద్దిరోజులు మట్టం తగ్గడం సహజం. లోపల చిక్కుకున్న గాలి బయటపడి ఆ ఖాళీలోకి కూలెంట్ దిగుతుంది. డబ్బాను అంచుదాకా నింపితే వేడికి వ్యాకోచించిన మిగులు బయటికి పొర్లుతుంది, అదీ లీకు కాదు. నమ్మదగిన కొలత ఒక్కటే: రాత్రంతా ఆగిన బండిని సమతలంలో ఉంచి, పొద్దున్నే ఇంజిన్ వేయకముందు డబ్బా మీద గీత గీసి, వారం తర్వాత అదే వేళకు మళ్లీ చూడటం.

ముల్లును పూర్తిగా నమ్మకూడదు. కొత్త బండ్ల ఉష్ణోగ్రత ముల్లు మామూలు స్థాయికి కొంత అటూ ఇటూ అయినా మధ్యలోనే నిలిచేలా అమర్చి ఉంటుంది. ఇంకా ప్రమాదకరమైన సంగతి, కూలెంట్ బాగా తగ్గి సెన్సర్ ద్రవంలోంచి బయటపడితే ముల్లు పెరగాల్సింది పోయి పడిపోవచ్చు. ఇంజిన్ ఉడుకుతుంటే ముల్లు చల్లగా ఉందంటుంది.

వేళను బట్టి వెతుకులాట

పొద్దున చలిలో మాత్రమే కారి, బండి వేడెక్కగానే ఆగిపోయే లీకు సాధారణంగా హోస్ పైపుల క్లిప్పుల దగ్గరిది. రబ్బరు, ఇనుము, ప్లాస్టిక్ ఒక్కో తీరున ముడుచుకుంటాయి, సందు పడుతుంది, వేడికి మళ్లీ పూడుకుంటుంది. మధ్యాహ్నం షెడ్డుకు తీసుకెళితే మెకానిక్‌కు ఏమీ దొరకకపోవడానికి కారణం ఇదే. బండిని రాత్రే షెడ్డులో వదిలి పొద్దున చూపించాలి.

వేడెక్కి ఒత్తిడి పెరిగాక కారేది రేడియేటర్ వైపు చూడమంటుంది. నేటి రేడియేటర్లలో అల్యూమినియం వలకు రెండు వైపులా ప్లాస్టిక్ తొట్లు రబ్బరు సీలుతో నొక్కి బిగిస్తారు. ఏళ్ల తరబడి వేడి, చలి మారి ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. వెంట్రుకంత పగులు ఒత్తిడికి తెరుచుకుని చల్లారగానే మూసుకుంటుంది. కారిన కూలెంట్ అక్కడే ఆవిరైపోతుంది కాబట్టి తడి ఉండదు, తెల్లగానో పచ్చగానో పొడి మరక మిగులుతుంది. ఆ మరకే ఆధారం. ఇది తెలియక షెడ్డులో మొదట బండిని కడిగేస్తారు. సాక్ష్యం కూడా దాంతోపాటే పోతుంది. కడగడానికి ముందు టార్చిలైటుతో ఒకసారి పైనుంచి కింది దాకా చూసి, మరకలన్నింటిలోకీ ఎత్తున ఉన్నదాన్ని గుర్తు పెట్టుకోవాలి. నీరు పల్లానికే పోతుంది కాబట్టి పుట్టిన చోటు ఆ మరక దగ్గరో దానికి పైనో ఉంటుంది.

ఇంజిన్ తిరుగుతున్నప్పుడు కారి, ఆపాక తగ్గితే వాటర్ పంపును అనుమానించాలి. పంపు ఒంటికి కింది వైపు చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీలు అరిగితే కూలెంట్ బేరింగులోకి పోకుండా ఆ రంధ్రంలోంచి బయటపడేలా కావాలనే పెట్టినది అది. రంధ్రం చుట్టూ కొద్దిపాటి పొడి మరక ఉండటం మామూలే, ధారగా జాడ కడితే పంపు పని అయిపోయింది. అది చిల్లి అనుకుని సీలెంటు పూసే మహానుభావులూ ఉన్నారు.

ఆపిన తర్వాత కొద్దిసేపటికి కారడం మరో రకం. ఇంజిన్ ఆగగానే పంపు ఆగుతుంది, కానీ బ్లాకులోని వేడి ఎక్కడికీ పోదు. కాసేపు కూలెంట్ ఉష్ణోగ్రత, ఒత్తిడి ఇంకా పెరుగుతాయి. బలహీనమైన మూత అప్పుడే వదిలేస్తుంది. అన్నింటికన్నా చవకైన భాగం మూత కాబట్టి దాన్ని ముందే పరీక్షించడం మంచిది. కానీ వేడి మీద తెరవకూడదు. ఒత్తిడి ఒక్కసారిగా పోతే వంద డిగ్రీలు దాటిన ద్రవం క్షణంలో ఆవిరై మీదికి చిమ్ముతుంది.

బరువు వేసుకుని ఎగువ ఎక్కినప్పుడు మాత్రమే కూలెంట్ తగ్గుతూ, చదును దారిలో తగ్గకపోతే విషయం సాధారణంగా ఇంజిన్ లోపలిది. దాని సంగతి విడిగా చెప్పుకోవాలి.

ప్రెషర్ పరీక్ష

అనుమానాలను ఆధారాలుగా మార్చే పనిముట్టు ప్రెషర్ టెస్టర్. చేతి పంపుకు గేజీ, రేడియేటర్ మూతిని పట్టే అడాప్టరు ఉంటాయి. చల్లని ఇంజిన్‌కు దీన్ని బిగించి, మూత మీద రాసిన ఒత్తిడి దాకా గాలి కొట్టి పావుగంట వదిలేస్తారు. అంతకంటే ఎక్కువ కొడితే లేని లీకులు పుడతాయి. ముల్లు కదలకపోతే చల్లని స్థితిలో లీకు లేనట్టు. ముల్లు పడిపోతూ బయట తడి కనిపిస్తే పని సులువైంది. ముల్లు పడిపోతూ బయట ఎక్కడా చుక్క లేకపోతే మిగిలినవి ముఖ్యంగా రెండు చోట్లు: ఇంజిన్ లోపల, లేదా డ్యాష్‌బోర్డు వెనక ఉన్న హీటర్ కోర్. హీటర్ కోర్ కారితే పక్క సీటు కింది మ్యాట్ తడుస్తుంది, అద్దం లోపలి వైపు జిడ్డు పొగమంచు పడుతుంది, క్యాబిన్‌లో తియ్యని వాసన వస్తుంది.

నెమ్మదిగా చెమ్మగిల్లే లీకుకు ప్రెషర్ చాలదు. కూలెంట్‌లో మెరిసే రంగు కలిపి రెండు మూడు రోజులు నడిపి, చీకట్లో అతినీలలోహిత దీపంతో వెతికితే ఆ దారి పసుపుపచ్చగా వెలుగుతుంది. గ్లైకాల్ పాలు కొలిచే రిఫ్రాక్టోమీటరు కూడా ఇక్కడ పనికొస్తుంది. సగం ఉండాల్సిన గ్లైకాల్ పావు వంతే ఉందంటే ఎవరో చాలాకాలంగా ఉత్త నీళ్లు పోస్తున్నారన్నమాట, అంటే లీకు పాతదే. యజమాని చెప్పని చరిత్ర కూలెంట్ చెబుతుంది.

లోపలికి పోయే కూలెంట్

సిలిండర్ హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ ఒకేసారి మండే వాయువును, ఆయిల్‌ను, కూలెంట్‌ను విడివిడిగా ఉంచుతుంది. అది ఏ గోడ దగ్గర పోయిందన్న దాన్ని బట్టి లక్షణాలు మారతాయి. మండే గది నుంచి కూలెంట్ దారిలోకి వాయువు చొరబడితే, చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసిన నిమిషానికే పై హోసు గట్టిపడుతుంది. డబ్బాలో బుడగలు ఆగకుండా వస్తాయి, బరువు మీద కూలెంట్ బయటికి నెట్టుకొస్తుంది. కూలెంట్ సిలిండర్‌లోకి పోతే పొద్దున ఒక సిలిండర్ తడబడుతుంది, పొగగొట్టం నుంచి తెల్లని ఆవిరి వస్తుంది. డీజిల్ బండిలో ఇక్కడ జాగ్రత్త అవసరం. సరిగా మండని డీజిల్ కూడా తెల్లని పొగే ఇస్తుంది, కానీ అది కళ్లు మండిస్తుంది. ఆయిల్ మూత అడుగున మీగడలాంటి పొర కనబడగానే గ్యాస్కెట్ పోయిందనడం తొందరపాటు. చలికాలంలో చిన్న చిన్న దూరాలు తిరిగే బండిలో తేమ వల్ల కూడా అది వస్తుంది. డిప్‌స్టిక్ మీద అదే రంగు ఉండి, ఆయిల్ మట్టం పెరిగి ఉంటే మాత్రం ఇంజిన్ వేయకూడదు.

రుజువుకు వాడే రసాయన పరీక్ష తేలికైనది. రేడియేటర్ మూతి పైని గాలిని నీలి ద్రవం గుండా పీలుస్తారు. దహన వాయువులోని కార్బన్ డయాక్సైడ్ తగిలితే ఆ నీలం పసుపవుతుంది. గ్యాస్కెట్ బరువు మీద మాత్రమే తెరుచుకుంటుంటే, షెడ్డులో నిలబెట్టిన బండి మీద ఈ పరీక్ష తప్పించుకుపోవచ్చు. అప్పుడు ఆయిల్‌ను ప్రయోగశాలకు పంపడం మేలు. కూలెంట్‌లోని రక్షక రసాయనాల నుంచి వచ్చే సోడియం, పొటాషియం ఆయిల్‌లో ఎక్కువగా తేలితే అనుమానం బలపడుతుంది.

అమెరికా పికప్‌ల చరిత్రలో లోపలి లీకులకు పేరుమోసిన కేసులు కొన్ని ఉన్నాయి. అన్నింటిలోకీ పాఠం చెప్పేది ఫోర్డ్ సూపర్ డ్యూటీ పికప్‌లలో 2003 నుంచి 2007 దాకా వచ్చిన 6.0 లీటర్ల పవర్ స్ట్రోక్ డీజిల్. ఇంజిన్ తయారీ నావిస్టార్‌ది. దీనిలో కూలెంట్ మొదట ఆయిల్ కూలర్ సన్నని పలకల గుండా పోయి, ఆ తర్వాత పొగను చల్లార్చే ఈజీఆర్ కూలర్‌కు చేరుతుంది. పోత పోసినప్పుడు మిగిలిన ఇసుక, కూలెంట్‌లోంచి విడిపోయిన మడ్డి ఆయిల్ కూలర్‌ను పూడుస్తాయి. ఈజీఆర్ కూలర్‌కు కూలెంట్ అందక, ఉన్న కొద్దిపాటిదీ మరిగి అది పగులుతుంది. కూలెంట్ పొగ దారిలో కలుస్తుంది, సిలిండర్‌లోకి చేరితే హెడ్ బోల్టులు సాగిపోయి గ్యాస్కెట్ కూడా పోతుంది. కంటికి కనిపించేది పగిలిన ఈజీఆర్ కూలరో, డబ్బా మూత చుట్టూ తెల్లని మరకో. అసలు దోషి మూసుకుపోయిన ఆయిల్ కూలర్. దాన్ని పట్టడానికి చుక్కలు వెతకనక్కర్లేదు. హైవే మీద నిలకడగా నడుపుతూ ఆయిల్, కూలెంట్ ఉష్ణోగ్రతలు పక్కపక్కన చూసుకుంటే చాలు. తేడా 15 ఫారెన్‌హీట్ డిగ్రీలు, అంటే ఎనిమిది సెల్సియస్ డిగ్రీలు దాటితే కూలర్ పూడిందని ఆ ఇంజిన్ తెలిసినవాళ్లు లెక్కేస్తారు. ఈజీఆర్ కూలర్ ఒక్కటే మార్చి పంపిన బండ్లు మళ్లీ అదే తెల్లపొగతో తిరిగొచ్చాయి.

జనరల్ మోటార్స్ 5.3 లీటర్ల వీ-8 పికప్ ఇంజిన్లలో, 2001 నుంచి 2006 మధ్య వాడిన కాస్టెక్ ముద్ర ఉన్న కొన్ని హెడ్డులకు ఆయిల్ కిందికి దిగే రంధ్రాల దగ్గర సన్నని పగుళ్లు వచ్చేవి. బయట చుక్క ఉండదు, పొగలో ఆవిరి ఉండదు, మట్టం మాత్రం నెమ్మదిగా దిగుతుంది. రాకర్ కవరు విప్పితే చుట్టూ గోధుమ రంగు ఆయిల్ పూత మధ్య ఒక చోట మాత్రం లోహం కడిగినట్టు మెరుస్తూ కనిపిస్తుంది. అదే జాడ. అదే కంపెనీ 1996 మోడళ్లతో నారింజ రంగు డెక్స్‌కూల్ కూలెంట్‌కు మారింది. మట్టం తగ్గి గాలి చేరిన వ్యవస్థల్లో అది తుప్పు రంగు మడ్డిగా మారిందని ఫిర్యాదులొచ్చి, వ్యాజ్యాలు పరిహార ఒప్పందంతో ముగిశాయి.

టయోటా 22ఆర్‌ఈ పెట్రోలు ఇంజిన్‌లో టైమింగ్ చైనుకు దారి చూపే ప్లాస్టిక్ పట్టీ విరిగితే, చైను ఊగుతూ కవరు గోడను రాస్తుంది. ఆ గోడ వెనకే కూలెంట్ దారి. గోడకు చిల్లి పడితే కూలెంట్ నేరుగా ఆయిల్‌లో దిగుతుంది. హెడ్ గ్యాస్కెట్ మార్చినా ఆయిల్ పాలరంగు పోని కొన్ని బండ్లలో కారణం ఇదే. 2005 నుంచి కొన్నేళ్లు వచ్చిన నిస్సాన్ ఫ్రాంటియర్ పికప్‌లది ఇంకో దారి. రేడియేటర్ తొట్టి లోపలే గేర్‌బాక్సు ఆయిల్‌ను చల్లార్చే గొట్టం ఉంటుంది. అది పగిలితే రెండు ద్రవాలూ కలిసి గులాబీరంగు గుజ్జవుతుంది, గేర్‌బాక్సు పాడవుతుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఉన్న పికప్‌లో కూలెంట్ తగ్గుతుంటే గేర్ ఆయిల్ డిప్‌స్టిక్‌నూ చూడాలనే నియమం ఇలాంటి కేసుల నుంచి వచ్చిందే.

తెలుగు నేల మీద

మన దగ్గర పికప్ అంటే ఎక్కువగా బొలెరో పికప్, అశోక్ లేలాండ్ దోస్త్, వాటికి తోడు చిన్న టాటా ఏస్. ఇసుజు డీ-మ్యాక్స్ పికప్‌లు 2016 నుంచి శ్రీసిటీలోనే తయారవుతున్నాయి. మదనపల్లె టమాటా, గుంటూరు మిర్చి, నూజివీడు మామిడి మోసే ఈ బండ్లకు చలి సమస్య కాదు. మే నెలలో 45 డిగ్రీల ఎండ, పరిమితికి మించిన బరువు, శ్రీశైలం, అరకు ఘాట్లలో చిన్న గేరులో గంటల తరబడి పాకడం సమస్య. వేగం లేనప్పుడు రేడియేటర్‌కు ఎదురుగాలి తగలదు, భారమంతా ఫ్యాన్ మీదే పడుతుంది. అందుకే ఇక్కడ ‘హీటెక్కుతోంది’ అన్న ప్రతి బండికీ లీకు ఉన్నట్టు కాదు. మట్టం సరిగ్గా ఉండి వేడెక్కితే అది వేరే జబ్బు: ఫ్యాన్ క్లచ్, లోపల పూడిన రేడియేటర్, లేదా దాని రెక్కల మధ్య పేరుకున్న దుమ్ము, పొట్టు.

రెండు అలవాట్లు నిర్ధారణను చెడగొడతాయి. ఒకటి, తగ్గినప్పుడల్లా బోరునీళ్లు పోయడం. గట్టినీటిలోని కాల్షియం వేడి గోడల మీద సున్నపు పొరగా పేరుకుంటుంది, ఉప్పు అల్యూమినియాన్ని తింటుంది. చిన్న లీకు ఏడాది తిరిగేసరికి రేడియేటర్ మార్పిడి అవుతుంది. భారత ప్రమాణం ఐఎస్ 5759కు తగిన కూలెంట్‌ను, గాఢమైనదైతే ఖనిజాలు తీసిన నీటితో కలిపి వాడాలి. రెండోది, ఇంజిన్ వేడెక్కేదాకా రేడియేటర్ దారిని మూసి ఉంచే థర్మోస్టాట్‌ను, బండి హీటెక్కుతోందని పీకేయడం. దాంతో చదును దారిలో ఇంజిన్ పనిచేయాల్సిన వేడికి రాదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది. బరువు మీద మాత్రమే బయటపడే హెడ్ గ్యాస్కెట్ లీకు మరి కొన్ని నెలలు దాగి, బయటపడేనాటికి హెడ్డు వంకర తిరిగి ఉంటుంది. రేడియేటర్‌లో పోసే లీకు మూసే మందులూ ఈ కోవలోవే. అవి చిల్లికీ హీటర్ కోర్ గొట్టానికీ తేడా చూడవు, రెండింటినీ పూడుస్తాయి. నడిరోడ్డు మీద చిక్కుకున్నవాడికి తప్ప ఎవరికీ చెప్పదగినవి కావు.

మరమ్మతు తర్వాత

ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది కాబట్టి కారిన మడుగును కుక్కలు నాకుతాయి. శరీరంలో అది ఆక్సాలిక్ ఆమ్లంగా మారి మూత్రపిండాల్లో స్ఫటికాలు కట్టి ప్రాణం తీస్తుంది. మనిషికైనా ఇంతే. ఆసుపత్రిలో ఫోమెపిజోల్ లేదా ఇథనాల్‌తో వైద్యం చేస్తారు, అది కూడా త్వరగా అందితేనే. లీకు వెతికే పనిలో కూలెంట్‌ను నాలుకతో రుచి చూసి గుర్తుపట్టే పాత పద్ధతి మానుకోవాల్సింది ఇందుకే. తీసిన కూలెంట్‌ను మూత ఉన్న డబ్బాలో పట్టాలి.

భాగం మార్చాక ప్రెషర్ పరీక్ష మళ్లీ చేయాలి, ఎందుకంటే ఒత్తిడి నిలవని పాత వ్యవస్థలో రెండో బలహీనత దాక్కుని ఉంటుంది. కొత్త రేడియేటర్ పూర్తి ఒత్తిడి నిలపగానే పదేళ్ల హోసు ఉబ్బుతుంది. తర్వాత ముందు చక్రాలు కాస్త ఎత్తులో ఉండేలా నిలిపి, హీటర్ పూర్తి వేడికి తిప్పి, గాలి తీసే స్క్రూ ఉంటే వదులు చేసి, థర్మోస్టాట్ తెరుచుకునే దాకా నెమ్మదిగా నింపాలి. చివరి గాలి ఎక్కువగా హీటర్ కోర్‌లో చిక్కుతుంది. డ్యాష్‌బోర్డు వెనక నీళ్ల గలగల వినిపించినా, హీటర్ వేస్తే చల్లగాలే వచ్చినా ఇంకా గాలి మిగిలిందని అర్థం. అలాంటి బండిని ఘాట్ ఎక్కించే ముందు ఒక రాత్రి చల్లారనిచ్చి మట్టం మళ్లీ చూస్తారు.